హన్మవ్వ కళ్లంలో మా బండి

ముప్కాల్ దగ్గరి నుంచి, మంగళవారం.

సుమిత్రక్కకు తమ్ముడు రవీందర్ దండాలు. నేనూ నీ మరదలు ధనలక్ష్మీ బాగున్నాం, దిగులు పడకు. ఫోన్‌లో మాట నీకు సరిగా వినబడదు గనుక కార్డు రాస్తున్నాను.

వచ్చే శుక్రవారం మంచం, పొయ్యి అన్నీ ఉన్న మా ఇంటిబండి ఎక్కించి నిన్ను బాసరకు తీసుకుపోతానన్నాను. కుదరదు. మొన్న పొలాల మధ్య చదునుగా, అలికి ఉన్న జాగా కనబడితే బండి అక్కడే పెట్టాం. అది హన్మవ్వ అనే రైతు పసుపు ఆరబోసుకునే కళ్లమట. మర్నాడు పొద్దున మేం కాలువ దాకా నడిచి వచ్చేసరికి బండి చుట్టూ, చక్రాలకు ఆనుకొని, ఉడికిన పసుపు పరిచి ఉంది.

"ఉడికిన పసుపు మీరొచ్చేదాక ఆగుతదా? దాని మీదికెళ్లి బండి పోనియ్య. పసుపంటే లచ్చిమి. పదిహేను రోజులు ఎండనియ్యి" అన్నది హన్మవ్వ. కోపమేమీ లేదు. తప్పు మాదే. రోజూ రెండుసార్లు పసుపు తిరగేస్తున్నాను. ధనలక్ష్మి హన్మవ్వ ఇంటివాళ్లతో కూర్చుని కొమ్ములు ఏరుతోంది.

మా కుండీలకు నీళ్లు పోస్తున్నావా? వెనక తలుపు తాళం ఒకసారి లాగి చూడు. బావకు దండాలు చెప్పు.

శుక్రవారం నువ్వే ముప్కాల్ బస్సెక్కి రా. చింతకాయ తొక్కు మరిచిపోకు. దిగి, హన్మవ్వ కళ్లంలో ఇల్లు ఎక్కడని అడుగు. ఇక్కడ దాన్ని బండి అని ఎవరూ అనడం లేదు.