వదిన రుచి చూసిన వైన్లు

డిసెంబర్ 9

జలుబు తగ్గింది. ముక్కు మాత్రం తిరిగి రాలేదు. పొద్దున కాఫీ తాగితే వేడినీళ్లు తాగినట్టుంది. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్లలో నీళ్లొచ్చాయి, వాసన రాలేదు. రెస్టారెంట్‌లో వైన్లు చూసుకునేవాడికి ముక్కు పోవడమంటే డ్రైవర్‌కి కళ్లు పోవడమే. ఎవరికీ చెప్పలేదు.

డిసెంబర్ 11, మధ్యాహ్నం

ఓనర్ మీటింగ్ పెట్టాడు. ఈసారి క్రిస్మస్ డిన్నర్‌లో ఆరు డెజర్టులు, ఒక్కోదానితో ఒక్కో గ్లాసు వైన్. డెజర్టులు వదిన చేస్తుంది. ఏ డెజర్టుకి ఏ వైనో నేను తేల్చాలి. ఇరవై రెండుకల్లా మెనూ ప్రింటుకెళ్లాలి. భారమంతా నీ ముక్కు మీదే వేశానయ్యా అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

వదినంటే మా అన్న భార్యే. ఇక్కడ పేస్ట్రీ షెఫ్. నాకీ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే.

డిసెంబర్ 13

పాత నోట్సు చూసి రాసేద్దామనుకున్నాను. సూత్రం తెలిసిందే. డెజర్టు కంటే వైన్ ఒక పిసరు ఎక్కువ తియ్యగా ఉండాలి. లేకపోతే ఎంత మంచి వైనైనా పుల్లగా, నీళ్లగా అనిపిస్తుంది. కానీ వదిన ఏటా తీపి మారుస్తుంది, మసాలాలు మారుస్తుంది. నాలుకకి తీపి, పులుపు తెలుస్తున్నాయి, అంతే. మిగతాదంతా ముక్కు చేసే పని.

చివరికి ఆమెకి చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత, మరి నన్నేం చెయ్యమంటావు అంది. వైన్ సీసాల వైపు చూశాను. ఆమెకి అర్థమైంది.

వదిన తాగడం మానేసి ఏడేళ్లు. మానకముందు రోజులు నాకు బాగా గుర్తు. ఆమె దాచిన సీసాల కోసం అన్న ఫ్లష్ ట్యాంకులో కూడా చెయ్యి పెట్టి వెతికేవాడు. ఇప్పటికీ ఆమె ఫ్రూట్ కేకులో రమ్ము ఉండదు. పళ్లు నారింజ రసంలో నానతాయి.

నోట్లో పోసుకుని ఉమ్మెయ్యడమే కదా వదినా, మేమందరం చేసేది అదే, అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ నా చేత అనిపించలేదు.

డిసెంబర్ 14, ఉదయం 10

ఒప్పుకుంది. మీ అన్నకి చెప్పకు అంది.

డిసెంబర్ 16

ఆమె ముందు నేనెంత! చాక్లెట్ రోల్‌కి నేననుకున్న మస్కట్ వైన్ వద్దంది. చాక్లెట్ దాన్ని మింగేస్తుంది, చిక్కటి ఎర్ర పోర్ట్ వైన్ పొయ్ అంది. అల్లం కేకుకి తియ్యటి తెల్ల వైన్, రీస్లింగ్. ఎండుపళ్లు కూరిన ‘పై’కి, పీపాలో ఏళ్లతరబడి ఉంచిన పోర్ట్. ప్రతిసారీ గుక్క నోట్లో తిప్పి, ప్లాస్టిక్ కప్పులో ఉమ్మి, నీళ్లతో పుక్కిలించింది. ఎన్నాళ్లకో ఆమె మొహం అంత కళగా ఉంది. ఇందులో తప్పేముంది అని కూడా అనుకున్నాను.

ఓనర్ మూడూ రుచి చూసి నా భుజం తట్టాడు. తట్టించుకున్నాను.

డిసెంబర్ 18

కప్పు పొడిగా ఉంది.

సాయంత్రం

మధ్యాహ్నం ఆ ఒక్క ముక్కే రాయగలిగాను. పుడ్డింగ్ కోసం మూడు రకాల షెర్రీ వైన్ పోసిచ్చి, ఫోనొస్తే బయటికెళ్లాను. వచ్చేసరికి మూడు గ్లాసులూ ఖాళీ. కప్పులో చుక్క లేదు. సింకులో ఉమ్మేసి ఉంటుందిలే అనుకున్నాను. సింకు కూడా చూశాను, అదీ పొడిగానే ఉంది. అయినా అలాగే అనుకున్నాను. ఇంకా బాదం టార్ట్, ఫ్రూట్ కేక్ మిగిలాయి.

మూడోది బాగా కుదిరింది అంది వదిన, నా వైపు చూడకుండా. రాసుకున్నాను.

డిసెంబర్ 20

ముక్కు వచ్చేసింది! వంటగదిలో అడుగు పెట్టగానే పంచదార మాడుతున్న వాసన. వదినా స్టవ్ అని అరిచాను. ఆమె గిన్నె దింపి, నన్నొకసారి చూసి, మళ్లీ పనిలో పడింది. పక్కకెళ్లి నిలబడ్డాను. ఆమె దగ్గర వైన్ వాసన. ఉదయం తొమ్మిదిన్నరకి. ఇవాళ నేనింకా సీసా మూత తియ్యలేదు.

అప్పుడే చెప్పాల్సింది. నాకు నయమైంది, ఇక నువ్వు ముట్టుకోకు అని. చెప్పలేదు. రెండే మిగిలాయి, ఆమె చెప్పినంత బాగా నేను చెప్పలేను, ఓనర్ అడుగుతున్నాడు. ట్రేలో నాలుగు గ్లాసులు నింపి ఆమె బల్ల మీద పెట్టాను. సిగ్గులేని వెధవని.

డిసెంబర్ 22

మెనూ ప్రింటుకెళ్లింది. అడుగున నా పేరు.

డిసెంబర్ 24

అన్న ఫోన్ చేశాడు. మీ వదిన ఇంటికి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటోందిరా, పని అంత ఎక్కువగా ఉందా అని అడిగాడు. సీజన్ కదా అన్నాను. నువ్వు పక్కనున్నావు, నాకదే ధైర్యం అన్నాడు. బస్సొచ్చిందని అబద్ధం చెప్పి పెట్టేశాను.

డిసెంబర్ 25

అయిదు డెజర్టులు అద్భుతంగా వెళ్లాయి. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆరోది, ఫ్రూట్ కేకు, ఎంతకీ రాలేదు. లోపలికెళ్లాను. స్టోర్‌రూమ్‌లో పిండి బస్తాల మధ్య వదిన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో షెర్రీ సీసా. ముక్కలు కోశాను, లెక్క కుదరడం లేదు, నువ్వు లెక్కపెట్టవా అంది.

కేకు తీసుకెళ్లాను. అన్ని టేబుళ్లకీ పెట్టాను. అందరికీ వైన్ పోశాను. చప్పట్లయ్యాక వదిన దగ్గరికెళ్లాను. ముందు కేకు, తర్వాత మనిషి. అప్పటికి పక్కకి ఒరిగిపోయి ఉంది.

అన్న వచ్చి తీసుకెళ్లాడు. సీసా నేనే దొంగతనంగా తీశాను, వాడికేం తెలియదు అని వదిన అన్నకి చెప్పింది. అన్న నాకు థ్యాంక్స్ చెప్పాడు.

డిసెంబర్ 27

అన్న మందుల షాపుకెళ్లిన టైము చూసుకుని వెళ్లాను. వదిన కప్పు రెండు చేతులతో పట్టుకుని టీ తాగుతోంది. అయినా ఒలుకుతోంది. క్షమించమన్నాను. నీకు ముక్కు వచ్చిందని ఇరవయ్యో తారీఖునే తెలుసు అంది. ట్రే తెస్తావా లేదా అని చూశాను, తేకూడదని దండం పెట్టుకున్నాను, తేవాలనీ ఉంది, తెచ్చావు అంది.

తిడితే బాగుండు. తిట్టలేదు.

డిసెంబర్ 28

అన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ట్రే సంగతి కూడా. అన్న ఫోన్ పెట్టెయ్యలేదు. అటు నుంచి ఊపిరి వినబడుతూనే ఉంది. నేనూ పెట్టెయ్యలేదు.