నేను దిద్దని ఫైలు

2004 నవంబర్ 15, సోమవారం
నాలుగేళ్ళుగా నా ఒక్కదాని దగ్గరే ఉన్న బాపట్ల కాలేజీ సర్వర్ రూట్ పాస్‌వర్డ్, అంటే దాని మీద సర్వాధికారం, ఈ రోజు హెచ్‌ఓడీ శేషగిరి చేతిలో పెట్టాను. ప్రిన్సిపాల్ ఆర్డరు. కాగితం మీద రాసిస్తుంటే, "ఏమ్మా సుజాతా, ఇది కాలేజీ సర్వరా, మీ పుట్టింటి సొత్తా?" అన్నాడు. ల్యాబ్‌లో అందరూ నవ్వారు. ఆయన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

16, మంగళవారం
సిస్టమ్ ఫైళ్ళు vi ఎడిటర్‌లో తెరిచి నేరుగా దిద్దేస్తున్నాడు. ముందు కాపీ తీసుకోండి సార్, ఒక్క అక్షరం తప్పినా మెషీన్ లేవదు అని చెప్పాను. తన పాతికేళ్ళ సర్వీసు గురించి చెప్పాడు. కాపీ తీయలేదు.

17, బుధవారం
సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం అమ్మను తెనాలిలోనే కంటి డాక్టరుకు చూపించాను. ఆ శేషగిరి మొహం చూడని రోజు.

18, గురువారం
సర్వర్ లేవలేదు. స్టార్టయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే fstab ఫైల్లో కొత్త లైను… లేని డిస్కు పేరు. ఎల్లుండే ల్యాబ్ పరీక్ష. పిల్లల ప్రోగ్రాములన్నీ అందులోనే.

దిద్దబోయే లోపే ప్రిన్సిపాల్ గదికి పిలుపు. నేను నోరు తెరవకముందే శేషగిరి — "ఈ అమ్మాయే ఏదో కెలికింది సార్. ఎంత చెప్పినా వినదు."

క్షమాపణ రాసివ్వాలట. లేకపోతే రేపల్లెలో మేనేజ్‌మెంట్ వాళ్ళ జూనియర్ కాలేజీకి, టైపు నేర్పడానికి. తల ఊపాను. అందుకు నా మీద నాకే అసహ్యం. బయటికొచ్చేసరికి ల్యాబ్‌కి తాళం.

19, శుక్రవారం
తాళం తీయించుకుని, సర్వర్‌ని రిపేరు మోడ్‌లో తెరిచి కూర్చున్నాను. నేను రాసిచ్చిన పాస్‌వర్డే ఇంకా పనిచేస్తోంది. ముట్టుకునే ముందు ls -l కొట్టి చూశాను. ఫైలు చివరిసారి మారింది బుధవారం సాయంత్రం 4.52కి. అప్పుడు నేను కంటి డాక్టరు దగ్గర.

డిస్కును రాయడానికి వీలయ్యేలా మళ్ళీ మౌంట్ చేశాను. ఆ సమయం చెరగకుండా cp -p తో కాపీ తీశాను. తర్వాత మెషీన్ ఆ లైను చదవకుండా దాని ముందు # పెట్టాను. ఒక్క గుర్తు, అంతే. సేవ్. రీబూట్. లేచింది.

లాగిన్ల జాబితా చూశాను. ఆ సమయానికి రూట్‌గా ఉన్నది శేషగిరి గదిలోని మెషీనే. అది ప్రింటు తీశాను.

20, శనివారం
పరీక్ష అయిపోయింది. ప్రింటు ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను. రెండుసార్లు చదివి నా వైపు తోశారు.

"తప్పెవరిదో నాకు మొన్ననే తెలుసమ్మా. ఆయన్ని నేనేం అనలేను. నువ్వు రాసిచ్చెయ్."

శేషగిరి పక్క కుర్చీలోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. తల ఎత్తలేదు.

ఇంటికి రైల్లో బాపట్ల నుంచి తెనాలి దాకా నిలబడే వచ్చాను. సీట్లున్నాయి.

21, ఆదివారం
పొద్దుటి నుంచి తెల్లకాగితం ముందు. "గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి" అని మాత్రం రాశాను. ఆ కింద రాయాల్సింది క్షమాపణో, రాజీనామానో… గౌరవనీయులైన అన్న మాట ఒకసారి కొట్టేశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ కొట్టేశాను —