మూత కింద మీగడ

ప్రియమైన శ్రీవారికి,

క్షేమంగా చేరాను. డాక్టర్లు చెప్పిన తేదీకి మూడు వారాల ముందే వచ్చేసిన మనవరాలు ఇప్పుడు ఏమీ ఎరగనట్టు నిద్రపోతోంది. ముక్కు అచ్చం మీదే. పెద్దయ్యేకొద్దీ సర్దుకుంటుందని అమ్మాయికి ధైర్యం చెప్పాను. నాకు మాత్రం నమ్మకం లేదు.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అంటారేమో. ఈ ఇంట్లో ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడతారు. అల్లుడూ వాళ్ళమ్మగారూ వింటుండగా మిమ్మల్ని తిట్టడానికి నాకు మొహమాటం. పైగా ఫోనులో మీకు "ఊ", "సరే" తప్ప మూడో మాట రాదు.

ఇక నా కారు. మీకు దాని రంగు తప్ప ఇంకేమీ తెలియదు కనక మొదటినుంచీ చెప్తాను. మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజను, వెయ్యి సీసీకి రెండు తక్కువ. మూడే కాబట్టి ఆగి ఉన్నప్పుడు కాస్త వణుకుతుంది. అది జబ్బు కాదు, స్వభావం. ఆయిల్ చూడాలంటే కారు చదునైన చోట ఉండాలి, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగాలి. పసుపుపచ్చ పిడి ఉన్న పొడుగాటి పుల్ల ఉంటుంది, డిప్‌స్టిక్కు అంటారు. దాన్ని లాగి, తుడిచి, మళ్ళీ దించి, అప్పుడు తీసి చూడాలి. రెండు గీతల మధ్య తడి ఉంటే చాలు. పై గీత దాటేలా పోస్తే మీ ఉదారబుద్ధికి ఇంజనేమీ మురిసిపోదు. ఇంజనుని చల్లబరిచే నీళ్ళుండే కూలెంటు డబ్బాని చల్లగా ఉన్నప్పుడే ముట్టుకోండి.

కారును ఊరికే పడుకోబెట్టకండి, బ్యాటరీ చచ్చిపోతుంది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి రోజూ ఒక అయిదు నిమిషాలు స్టార్టు చెయ్యండి. లైబ్రరీకి బస్సులో వేలాడకండి. లైసెన్సు ఉంది, కారులో వెళ్ళండి.

ఇప్పటికింతే,
మీ టీచరమ్మ


ప్రియమైన టీచరమ్మకు,

ముక్కు సంగతి చదివాను. నలభై ఏళ్ళు దాన్ని ఎదురుగా పెట్టుకుని కాపురం చేసినదానివి, మనవరాలి దగ్గరికొచ్చేసరికి దిగులేమిటి?

అన్నీ నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. పసుపుపచ్చవి రెండున్నాయి. మొదటిరోజు నేను ఆయిల్ పోసే మూతని పట్టుకుని లాగాను. అది తిప్పితే వస్తుందట. ఈ వివరం నువ్వు రాయలేదు. రెండోరోజు పుల్ల దొరికింది. తడి రెండు గీతల మధ్యే ఉంది. చొక్కా మీద కూడా ఉంది.

లైబ్రరీకి వారానికి మూడుసార్లు కారులోనే వెళ్తున్నాను. బాగా నడుస్తోంది.

ఎడమ అద్దం ఓ మూల బీట తీసింది, నువ్వు రెండోసారి కారుని గేటుకి ఒరిపించినప్పటిది. మార్పించనా?

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. మొదటి రెండు రోజులూ బాగానే ఉండింది.

ఇట్లు,
నీ పెద్దమనిషి


ప్రియమైన టీచరమ్మకు,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. కంగారు పడకు అని రాద్దామనుకున్నాను గాని నేనే కంగారుగా ఉన్నాను.

నిన్న పెద్దాడు వచ్చాడు. బానెట్టు ఎత్తి ఆయిల్ మూత తిప్పాడు. మూత కింద తెల్లగా, చిక్కగా మీగడలాంటిది పేరుకుని ఉంది. మెకానిక్కుని పిలిచాడు. అతను వేలితో తీసి చూసి, "గ్యాస్కెట్టు పోయింది సార్. నీళ్ళు ఆయిల్లో కలుస్తున్నాయి. ఇంజను మొత్తం విప్పాల్సిందే" అన్నాడు. పాత కారుకి అంత ఖర్చు దండగ అన్నాడు పెద్దాడు.

"ఈ వయసులో మీ ఇద్దరికీ కారెందుకు నాన్నా? ఎక్కడికి వెళ్ళాలన్నా నాకో ఫోను కొట్టండి, వచ్చేస్తాను" అన్నాడు. పాత కార్లు కొనేవాడెవడితోనో మాట్లాడేశాడు కూడా. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం వచ్చి పట్టుకుపోతాడట. నీకు మాత్రం చెప్పొద్దన్నాడు, బాలింత ఇంట్లో నువ్వు ఒంటికాలి మీద లేస్తావని.

అందుకే చెప్తున్నాను.

ఇట్లు,
ఏం చెయ్యాలో తోచని
నీ పెద్దమనిషి


ప్రియమైన శ్రీవారికి,

చెప్పొద్దన్నది చెప్పారు కాబట్టి మిమ్మల్ని ఇంకొన్నాళ్ళు మొగుడిగా కొనసాగిస్తాను.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. కారు అమ్మనివ్వకండి. అది పోతే కూరగాయలకి వెళ్ళాలన్నా, నా స్నేహితురాలిని చూడాలన్నా పెద్దాడి తీరికని అడగాలి. వాడు మంచివాడే. వాడి తీరిక మాత్రం పౌర్ణమికోసారి వస్తుంది.

ఇప్పుడు పాఠం. మెకానిక్కు అబద్ధం చెప్పలేదు, తొందరపడ్డాడు. నీళ్ళనీ ఆయిల్నీ వేరుగా ఉంచే ఆ గ్యాస్కెట్టు పోతే ఆయిల్ తెల్లబడే మాట నిజమే. కాని నిజంగా పోతే కూలెంటు డబ్బాలో మట్టం రోజురోజుకీ దిగాలి. ఇంజను వేడెక్కాక కూడా వెనక గొట్టంలోంచి తెల్లపొగ ఆగకూడదు. పుల్లకంటిన ఆయిల్ కూడా పాలు కలిపిన టీలా ఉండాలి. ఈ మూడూ చూసి రాయండి.

ఒక్క మూత కిందే తెలుపుంటే అది వేరే సంగతి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. మీరు నమ్మరు గాని రసాయనశాస్త్రం మీ అనుమతి అడగలేదు. అందులో చాలావరకు గొట్టంలోంచి బయటికి పోతుంది, కొంచెం లోపలికి జారుతుంది. ఇంజను బాగా కాగితే అదీ ఎగిరిపోతుంది. కాగకముందే ఆపేస్తే చల్లటి మూత కింద చేరి, ఆయిల్తో కలిసి మీగడ కడుతుంది.

లైబ్రరీ మన ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు. వారానికి మూడుసార్లు అంతదూరం పోయి వచ్చే ఇంజనుకి మీగడ కట్టదు. ఇంజనుకి నా దగ్గర అబద్ధమాడాల్సిన పని లేదు. మరి మీకు?

అద్దం జోలికి పోకండి. ఆ గేటే ఇరుకు. కట్టినవాడికి కొలతలు రావు.

జవాబు కోసం కాచుకుని,
మీ టీచరమ్మ


ప్రియమైన టీచరమ్మకు,

డబ్బాలో మట్టం నువ్వు వెళ్ళిననాడు ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. ఇవాళ చాలాసేపు ఇంజను ఆపకుండా ఉంచాను. తెల్లపొగ మొదట్లో వచ్చింది, కాసేపటికి మాయమైంది. పుల్ల మీది ఆయిల్ నా పాత ప్రెస్సు సిరాలా ఉంది. మీగడ ఒక్క మూత కిందే.

ఇక నాలుగోది. కారు షెడ్డు దాటలేదు. లైబ్రరీకి బస్సులోనే వెళ్తున్నాను.

రోజూ పొద్దున్నే తలుపులు బార్లా తీసి, సీట్లో కూర్చుని, స్టార్టు చేసి, పేపరు చదువుతాను. అయిదు నిమిషాలకి ఆపేస్తాను. నువ్వే రాశావు, "రోజూ ఒక అయిదు నిమిషాలు స్టార్టు చెయ్యండి" అని. ఉద్యోగమంతా ప్రూఫులు దిద్దినవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఆరో నిమిషం ప్రస్తావన ఎక్కడా లేదు.

ఎందుకు నడపలేదంటే ఏం చెప్పను. సందు చివరి బేకరీదాకా అయితే నేను డ్రైవర్నే. మలుపు తిరిగి మెయిన్ రోడ్డు కనబడగానే కాళ్ళు నా మాట వినవు. నీకు చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు నడుపుతుంటే నాకెప్పుడూ అవసరం పడలేదు.

మెకానిక్కునే కాస్త దూరం తిప్పి తీసుకురమ్మంటే సరిపోదూ? వచ్చే ఆదివారమే ఆ కొనేవాడు వచ్చేది.

ఇట్లు,
దొరికిపోయిన
నీ పెద్దమనిషి


ప్రియమైన శ్రీవారికి,

తప్పు నాది. ఈ వాక్యం భద్రంగా దాచుకోండి, మళ్ళీ ఇలాంటిది దొరకదు. ఇంజనుని అయిదు నిమిషాలు వెచ్చబెట్టి ఆపడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పినదాన్ని, ఆ మాట ఎలా రాశానో నాకే తెలియదు. మీరు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తారని అనుకోలేదు. పెళ్ళయినప్పటినుంచి చెప్పిన వాటిలో మీరు పాటించింది ఇదొక్కటే.

మెకానిక్కు వద్దు. పెద్దాడూ వద్దు. మీరే నడపండి. ఎందుకని అడక్కండి.

శనివారం తెల్లారగానే బయల్దేరండి. వేడి చూపించే ముల్లు మధ్యకి వచ్చేదాకా మెల్లగా పోండి. తర్వాత హైవే ఎక్కండి. అక్కడ బుజ్జగించొద్దు. నాలుగో గేరు, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే ముల్లు మూడువేల దగ్గర, ముప్పావుగంట. ఈ ఇంజనుకి అసలు బలం మూడువేలు దాటాకే వస్తుంది. టాప్ గేరులో నత్తలా ఈడిస్తే మూలుగుతుంది. మూలిగితే గేరు తగ్గించండి, సారీ చెప్పడం కాదు. ఇంటికొచ్చాక మూత తుడవండి. ఆయిలూ ఫిల్టరూ మార్పించండి, నీళ్ళు తాగిన ఆయిల్ ఇక పనికిరాదు.

లారీ పక్కకొచ్చినప్పుడు కళ్ళు మూసుకోకండి. మిగతాదంతా మీకొచ్చు. బేకరీ దాకా వెళ్ళే రోడ్డూ, హైవే రోడ్డూ ఒకే తారుతో వేస్తారు.

మీ మీద ఎందుకో నమ్మకం ఉన్న,
మీ టీచరమ్మ


ప్రియమైన టీచరమ్మకు,

బతికే ఉన్నాను.

మెయిన్ రోడ్డు మలుపులో ఆగాను. వెనకవాడు హారన్ కొట్టాడు. భయంలో బ్రేకు బదులు ఆక్సిలేటరు తొక్కాను. తీరా చూస్తే మలుపు అయిపోయింది. హైవే మీద మొదట సైకిళ్ళు నన్ను దాటాయి. తర్వాత నాలుగో గేరు వేసి ముల్లుని మూడువేలకి తెచ్చాను. అప్పుడు దానికి గొంతు లేచింది. అంతవరకూ గొణిగింది, అప్పుడు పాడింది. ఒక ట్రాక్టర్ని దాటాను. అది ఆగి ఉందనుకో, అయినా దాటాను.

వెనక్కి తిరగాల్సిన చోటు తప్పిపోయాను. తర్వాతి చోటు ఎక్కడో తెలియక అలా పోతూనే ఉన్నాను. నువ్వు చెప్పిన ముప్పావుగంట రెండు గంటలైంది. దారిలో ఒకచోట దిగి టీ తాగాను. కారుకి ఆనుకుని నిలబడి తాగాను, సినిమాల్లోలాగ. నన్నెవరూ చూడలేదు, అదొక్కటే లోటు.

ఆదివారం పెద్దాడు, మెకానిక్కు, ఆ కొనేవాడు ముగ్గురూ వచ్చారు. మూత తిప్పారు. లోపల ఓ మూల సన్నటి తేమ తప్ప ఏమీ లేదు. నీ పాఠమంతా, నా హైవే ప్రయాణంతో సహా, వాళ్ళకి నేను చెప్పాను. మధ్యలో రసాయనశాస్త్రం కాస్త నాకే అర్థం కాలేదు గాని గొంతు పెంచి నెట్టుకొచ్చాను. మెకానిక్కు డబ్బాలో మట్టం చూసి, తల గోక్కుని, "అయితే ఆయిల్ మారిస్తే చాలు సార్" అన్నాడు. కొనేవాడు వెళ్ళిపోయాడు. పెద్దాడు మూత ఇంకోసారి తిప్పి చూసి, "హైవే మీదకా? నువ్వా?" అన్నాడు. ఆ "నువ్వా" నాకు చాలా నచ్చింది.

కారు దక్కింది. నువ్వొచ్చాక తాళం నీ చేతిలో పెట్టేస్తే నా బాధ్యత తీరిపోతుంది.

ఇట్లు,
ట్రాక్టర్ని దాటిన
నీ పెద్దమనిషి


ప్రియమైన డ్రైవరుగారికి,

తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక్కడికొచ్చిన రెండో వారంలో నేను ఎడమపక్కనున్న కప్పులో పోస్తున్నాననుకుని పాలు బల్ల మీద పోశాను. అమ్మాయి చూసింది. పసిపిల్లని అత్తగారికిచ్చి నన్ను కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. ఎదురుగా ఉన్నదైతే సూది బెజ్జంతో సహా కనబడుతుంది. పక్కలే చెరిగిపోయాయి, ఎడమవైపు మరీను. పోయింది తిరిగి రాదట. చుక్కలమందు తప్పకుండా వేసుకుంటే ఉన్నది నిలబడుతుందట. డ్రైవింగు మాత్రం ఇక వద్దన్నారు. కాబట్టి మన గేటు ఇరుకు కాదు. కట్టినవాడిని అనవసరంగా అన్నాను.

మీ మీగడ ఉత్తరం చేరేటప్పటికే నాకీ సంగతి తెలుసు. మీకు చెప్పి ఉంటే ఏమయ్యేదో కూడా తెలుసు. ఆ సాయంత్రమే కారు ఇచ్చేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని, నాతోపాటు మీరూ ముసలివారైపోయేవారు. నాకు చెయ్యి పట్టుకునేవాళ్ళు ఇక్కడ కావలసినంతమంది ఉన్నారు. స్టీరింగు పట్టుకునేవాళ్ళే కరువు.

ఆ శనివారం మీరు వెళ్తారో లేదోనని రోజంతా పసిపిల్ల కన్నా ఎక్కువ విసిగించానని అమ్మాయి అంటోంది.

పదిహేనో తారీకున నన్ను తీసుకెళ్ళడానికి రండి. నూట ఎనభై కిలోమీటర్లు, ఇంజను ఒంటికి మంచిది. ఎడమ అద్దం మార్పించుకుని రండి, అది మీకు అవసరం. ఇన్నేళ్ళూ పక్క సీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కి తొక్కి నేలమీది మ్యాటు అరగదీశారు. ఇక ఆ మ్యాటు నాది. డాక్టరు నా కళ్ళకి మందిచ్చాడు గాని నోటికి ఏమీ ఇవ్వలేదు, గమనించగలరు.

ముందు సీటులో పక్కనే,
మీ టీచరమ్మ