దరఖాస్తులో మిగిలిన గడి

1957 నవంబరు, శనివారం. జమ్మలమడుగు.

సంతోషంతో అక్షరాలు వంకర పోతున్నాయి!

మద్రాసులో పిల్లల ఊపిరితిత్తుల జబ్బుల మీద డాక్టర్ల పైచదువుకు దరఖాస్తు వారం నుంచి బల్లమీదే ఉంది. ‘ఈ జబ్బుల్లో మీ పూర్వానుభవం’ అన్న గడి దగ్గరే ఆగిపోయాను.

పొద్దున ఎర్రగుంట్ల నుంచి ఒక అవ్వ, ఆయాసంతో డొక్కలెగరేస్తున్న మనవరాలిని ఆస్పత్రికి ఎత్తుకొచ్చింది. నేను సూది తీయగానే అడ్డుపడింది.

“సూదొద్దు. వాత పెడితే పోతాది. పట్నంలో సదువుకున్నదానివి, నీకేం తెలుసు!”

ఇన్నేళ్లూ పైట కింద దాచుకున్న మచ్చ చూపించేశాను.

“మా అవ్వ పులివెందల్లో పెట్టిన వాత ఇది. ఆరేండ్లప్పుడు నాకూ ఇదే ఆయాసం. వాత మానింది గానీ ఆయాసం పోలేదవ్వా.”

ఆమె మచ్చను వేలితో తడిమింది.

“శానా లోతుగా పెట్టినారే తల్లీ... సరే, ఏస్కో నీ సూది.”

పావుగంటకు పిల్ల ఊపిరి తేలికపడింది. “అవ్వా, ఆకలైతాంది” అంది! వార్డంతా నవ్వులే.

మద్రాసు తేమకు నాకే ఆయాసం తిరగబెడితే? అసలు నన్ను తీసుకుంటారో లేదో...

ఏమైనా కానీ, ఇప్పుడే గడి నింపేశాను: ‘ఆరో ఏటి నుంచి.’