రెక్క కొసన అచ్చియమ్మ

నర్సీపట్నం,
జనవరి 6.

బెంగళూరు నభ రోటర్స్ కంపెనీ డిజైను విభాగం అధికారి గారికి,

నాతవరం రోడ్డులో జీడితోట ఉన్న రైతు చినబాబు నమస్కరించి రాయడమేమంటే,

జీడిపూతకి మందు కొట్టడానికి మీరు ట్రయలుకిచ్చిన చిన్న హెలికాప్టర్ అందింది. మనిషి ఎక్కేది కాదని, రిమోటుతో నడిపేదని ముందే చెప్పాను. అయినా చూడ్డానికొచ్చిన జనంలో సగంమంది పైలట్ ఏడని అడిగారు. మా బావమరిది వీరేంద్ర రిమోట్ నొక్కాడు. పైనున్న రెండు రెక్కలూ తిరిగాయి. యంత్రం మోకాలెత్తు లేచి, గడగడా వణికి, మళ్ళీ కూర్చుంది. ట్యాంకు మూత ఊడి పక్క చేలో పడింది. అందులో నీళ్ళే పోశాం కాబట్టి సరిపోయింది.

మా ఆవిడ అచ్చియమ్మ అందరి ముందూ, "ఏటయ్యా, ఎగిరేదాన్ని తెస్తానన్నావు, సలిజ్వరం వచ్చినదాన్ని తెచ్చినావేటి?" అంది.

పూత మీద దోమ పడితే గింజ నిలవదు. ఈ యంత్రం బాగుంటుందని చుట్టుపక్కల రైతులకి నచ్చజెప్పింది నేనే. ఫోన్ చేస్తే మీవాళ్ళు, ట్రయలు యంత్రం కనక ఏదైనా కాగితం మీద రాసి సంతకం పెట్టాలన్నారు. ఇదిగో రాశాను. ఊరికే బాగుచేస్తే చాలదండీ. ఎందుకు వణికిందో కూడా నాకు తెలియాలి. తెలియకపోతే అన్నం సయించదు.

ఇట్లు,
చినబాబు

తా.క.: మూత దొరికింది. పక్కవాళ్ళ గేదె దాన్ని వాసన చూసి వదిలేసింది.


బెంగళూరు,
జనవరి 10.

గౌరవనీయులైన చినబాబు గారికి,

నమస్కారం. నా పేరు సుజిత. ఆ రెక్కలు డిజైన్ చేసింది నేనే. పాతవాటికన్నా సన్నగా, కొస దగ్గర చిన్న వంపుతో చేశాను. తక్కువ బ్యాటరీతో ఎక్కువ బరువు మోస్తాయి. మా మేనేజరు గారికి మాత్రం వీటి మీద నమ్మకం లేదు. యంత్రం చక్కగా ఎగిరిందని మీ సంతకంతో రిపోర్టు వస్తే సరే, లేకపోతే పాత రెక్కలతోనే పోదామన్నారు.

దయచేసి రెండు పనులు చేయండి. ఒకటి, పిచ్ సమానంగా ఉందో లేదో చూడండి. రెండు, ట్రాకింగ్ సరిచూడండి. విడి బోల్టులు కొరియర్లో పంపాను.

మీ ఉత్తరం కోసం చూస్తూ,
సుజిత

తా.క.: 'సలిజ్వరం' అన్నచోట కాగితం మడతపెట్టి మేనేజరు గారికి చూపించాను.


నర్సీపట్నం,
జనవరి 14.

అమ్మా సుజిత గారికి,

మీరు చెప్పిన రెండు పనులూ చేశాం. పిచ్ సంగతి వీరేంద్రకి వదిలేశాను. వాడు మా క్రికెట్ టీముకి కెప్టెన్. "పిచ్ గురించి నాకు సెప్పాలేటి బావా!" అని స్కూలు గ్రౌండు నుంచి రోలర్ తెచ్చి, యంత్రం లేచే చోటంతా నున్నగా తొక్కించాడు. పైన గోళీకాయ పెట్టినా దొర్లదు.

ట్రాకింగ్ పొద్దున్నా సాయంత్రం చూస్తున్నాం. మీ బోల్టులు అనకాపల్లిలో ఉన్నాయి.

ఇంత చేసినా వణుకు తగ్గలేదు. పైగా నేల గట్టిపడింది కాబట్టి చప్పుడు పెరిగింది. నేల నున్నగా ఉంటే గాల్లో ఉన్నదానికి ఏటి లాభం అని నాకు అనుమానం వచ్చింది గానీ, కెప్టెన్ని అడగలేకపోయాను.

మీ మాట ప్రకారం నడుచుకుంటున్న,
చినబాబు

తా.క.: ఒక ముచ్చట. యంత్రం రాగానే ఒక రెక్క కొసన నా పేరు రాయించాను. గేటుకి వేయగా మిగిలిన ఎర్ర ఎనామిల్, మూడు పూతలు. ఆగినప్పుడు పేరు చక్కగా కనిపిస్తుంది. తిరిగేటప్పుడు మాత్రం ఎర్ర చక్రంలా ఉంటుంది. అదెందుకంటారు?


బెంగళూరు,
జనవరి 18.

చినబాబు గారూ,

మీ తాజా కలం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

తప్పు నాది, విడమరిచి రాయాల్సింది. పిచ్ అంటే రెక్క గాలికి ఎదురుగా ఎంత వాలుగా ఉందన్నది. ట్రాకింగ్ అంటే రెండు రెక్కల కొసలూ ఒకే ఎత్తులో, ఒకదాని దారిలోనే ఇంకొకటి తిరగడం. వాటిని తర్వాత చూద్దాం. ముందు ఆ పేరు సంగతి. ఒక రెక్కకి మూడు పూతల ఎనామిల్ వేసి రెండోదాన్ని వదిలేస్తే, యంత్రం ఒకవైపు బరువుతో తిరుగుతుంది. ఆ వణుకు దానివల్లే. రెండు రెక్కలూ సమానంగా ఉండాలి. దయచేసి మీ పేరు గీకించేయండి.

ఆశతో,
సుజిత

తా.క.: వేగంగా తిరిగే అక్షరాల్ని కన్ను విడివిడిగా పట్టుకోలేదు, అన్నీ కలిసి చక్రంలా కనిపిస్తాయి. మంచి ప్రశ్న. కానీ గీకించండి.


నర్సీపట్నం,
జనవరి 22.

అమ్మా సుజిత గారికి,

ఇన్నాళ్ళకి కారణం తెలిసింది, అన్నం సయించింది. సమానంగా ఉండాలన్నారు కదా, గీకడం దేనికని రెండో రెక్క మీద మా ఆవిడ పేరు రాయించాను. అదే రంగు, మూడు పూతలు. అచ్చియమ్మ మురిసిపోయింది. రెక్కలు రెండూ విప్పి బంగారం కొట్టుకి తీసుకెళ్తే, కొట్టాయన తాతాజీ గారు కళ్ళజోడు పెట్టుకుని మరీ తూచారు. రవ్వంత తేడా లేదు.

బిగించి ఎగరేశాం. మళ్ళీ వణుకే! త్రాసు అబద్ధం చెప్పదు, మీరూ చెప్పరు. మరి ఇదేటమ్మా? అన్నం మళ్ళీ మానేశాను.

అయోమయంలో ఉన్న,
చినబాబు

తా.క.: నా పేరు కొసన ఉంది. ఆవిడది మొదట్లో, బోల్టు పక్కన. అక్కడైతే వానకి తడవదని.


బెంగళూరు,
జనవరి 25.

చినబాబు గారూ,

త్రాసు నిజమే చెప్పింది. మనం దాన్ని సగం ప్రశ్నే అడిగాం. తిరిగేదానికి బరువు ఎంతో తెలిస్తే చాలదు, అది ఎక్కడుందో కూడా తెలియాలి. ఒక రాయికి పొట్టి తాడు కట్టి తిప్పండి, చెయ్యి ఊరుకుంటుంది. అదే రాయిని పొడుగు తాడుతో నిమిషానికి అన్నే చుట్లు తిప్పండి, చేతిని లాగేస్తుంది. కొసనున్న మీ పేరు పొడుగు తాడు రాయి. అమ్మగారి పేరు పొట్టి తాడుది.

మేనేజరు గారు పాత రెక్కల కాగితాలు టేబుల్ మీద పెట్టుకు కూర్చున్నారు. రెండు పేర్లూ గీకేయండి, మీకు పుణ్యముంటుంది.

మీ నుంచి మంచి కబురు కోరుతూ,
సుజిత

తా.క.: తాడు గట్టిది చూసుకోండి.


నర్సీపట్నం,
జనవరి 29.

అమ్మా సుజిత గారికి,

రాయి దొరక్క చెంబుకి తాడు కట్టి తిప్పాను. మీరు చెప్పింది అక్షరాలా నిజం. పొడుగు తాడు తెగి చెంబు కోళ్ళగూటి మీద పడింది. మీ తాజా కలం ఆ తర్వాత చదివాను.

చప్పుడుకి అచ్చియమ్మ బయటికొచ్చింది. మీ ఉత్తరం చదివి వినిపించాను. అది నా తెలివితక్కువ. "అయితే నీ పేరు కొసన ఎక్కి ఊరేగుతాదీ, నా పేరు మొదట్లో ముడుక్కుని కూకుంటాదీ!" అంది. ఆ పూట నుంచీ నాతో మాటల్లేవు. గీకేస్తానంటే కళ్ళెర్రజేసి చూస్తోంది. పూత విచ్చుకుంటోంది. గీకితే ఇంట్లో దుమారం, గీకకపోతే తోటలో దోమ. దారి చెప్పండి.

ఇరుకున పడ్డ,
చినబాబు

తా.క.: ఇది అచ్చియమ్మ నాకేసి చూడకుండా మీకని చెప్పగా రాస్తున్నాను. "సూడమ్మా సుజితమ్మా, నువ్వూ ఆడకూతురివే. ఆ రెక్కలు నువ్వే సేసినావంట కదా. మరి దాని మీద నీ పేరెందుకు రాసుకోలేదు? నా పేరు కొసనుండాల. ఎగరాల కూడాను. బేగి సెయ్యి."


బెంగళూరు,
ఫిబ్రవరి 2.

చినబాబు గారికి, అచ్చియమ్మ గారికి,

అమ్మగారి ప్రశ్నని కాగితం మీద రాసి నా టేబుల్ ముందు అంటించుకున్నాను. మీరడిగిన దారి దొరికింది.

రెండు పేర్లూ కొసనే ఉండేలా లెక్కకట్టాను. 'అచ్చియమ్మ'కి రెండు ఒత్తులున్నాయి కాబట్టి అక్షరాలు కాస్త సన్నం చేశాను, 'చినబాబు' కాస్త లావు. అక్షరాలు కత్తిరించిన ప్లాస్టిక్ షీట్లు రెండు పంపుతున్నాను. పాత రంగంతా గీకి, షీటు పెట్టి, ఈ డబ్బాలోని రంగు ఒక్క పూత వేయించండి. ఒక్కటే! పిచ్, ట్రాకింగ్ ఎలా చూడాలో బొమ్మలు గీసి పెట్టాను.

నేను కంప్యూటర్లో 'అచ్చియమ్మ'ని గిరగిరా తిప్పుతుంటే మేనేజరు గారు వెనక నిలబడి చూశారు. ఇదే ఆఖరి అవకాశమన్నారు.

మీ ఇద్దరి మీదా భారం వేసి,
సుజిత

తా.క.: ఈ పార్సెల్ ట్రాకింగ్ మాత్రం చూస్తుండండి.


నర్సీపట్నం,
ఫిబ్రవరి 9.

మా అమ్మాయి లాంటి సుజితకి,

ఎగిరింది! చెట్ల పైదాకా లేచి, పళ్ళెంలో నీళ్ళలా నిలకడగా ఆగింది. వణుకు లేదు, గడగడ లేదు, గాలి చప్పుడు తప్ప ఏదీ లేదు. తోటంతా మందు కొట్టాం. అచ్చియమ్మ మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, "అదిగో, నేనే!" అంది. నాతో మాటలు కలిశాయి. సంతకం చేసిన రిపోర్టు జతపరిచాను. దీంతో నీ రెక్కలకి ఢోకా లేదు, మేనేజరు గారికి మడతపెట్టకుండానే చూపించు.

రిపోర్టులో రాయని విషయం ఒకటుంది.

ఏటా ఈ రోజులకి కొండ మీంచి కోతులు దిగి మా తోట పాడుచేస్తాయి. ఈసారి ఒక్కటీ రాలేదు. మా అదృష్టమనుకున్నాం. కాదని నిన్న తెలిసింది. ఇన్నాళ్ళూ మనం వణుకు పోగొట్టాలని రోజూ యంత్రం తిప్పుతుంటే, ఆ గడగడకి హడలిపోయి అవి పక్క మండలం పోయాయట. ఇప్పుడు నీ రెక్కలు మెత్తగా తిరుగుతున్నాయని కబురందినట్టుంది, మొత్తం గుంపు దిగింది. యంత్రం నెత్తిమీద ఎగురుతుంటే ఒక్కటీ కదల్లేదు. పెద్దది కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పేర్లు చదువుతున్నట్టు చూసింది. పిల్లలున్నవి గాలి బాగా తగిలే కొమ్మకి మారాయి.

అందుకని రైతులందరి తరఫునా అడుగుతున్నాను. మందు కొట్టేటప్పుడు ఇప్పటిలాగే ఉండి, మిగతా వేళల్లో వణికేలా రెక్కలు డిజైన్ చేయగలవా?

నీ జవాబు వచ్చేదాకా చేత కర్ర పట్టుకుని తోటలో ఉండే,
చినబాబు

తా.క.: "అంతలేసి సదువులు దేనికి? నీ పేరుకి ఇంకో రెండు పూతలేస్తే సరి కదయ్యా" అంటోంది నాతో అచ్చియమ్మ. డబ్బా మూత తీసేసింది కూడా.