టీవీలో రాని ఫొటో

ఎడపల్లి, ఆదివారం రాత్రి

ఇటలీ ఫొటోలు చూపించకుండా ఉంటే పోయేది. సాయంత్రం వాడకట్టు ఆడవాళ్ళు ఇంటికొస్తే, ఫోను టీవీకి కలిపి గుట్ట మీది ఆ చిన్న ఊరి గురించి ఉపన్యాసమే ఇచ్చాను. శత్రువులకు భయపడి చుట్టూ గోడ కట్టుకున్నారనీ, పెద్దింటివాళ్ళు పోటీపడి బురుజులు లేపారనీ చెప్పాను. ఆ టూరుకు నాతో వచ్చిన అవ్వ, మా అమ్మ, మాత్రం తెర వైపు వంగి కూర్చుంది.

"జర ఆగుండ్రి, నా ఫొటో వస్తది. గా ఊరి నడుమ గూడ మన లెక్కనే బొడ్రాయి ఉన్నది. మన చేన్ల పండిన పసుపు పెట్టి మొక్కిన. గాడ ఒక ముసలామె వచ్చి నా పక్కన నిలబడ్డది."

అది ఊరిని కాచే బొడ్రాయి కాదు, పాత సంతలో పాతిన రాయి అని గైడు చెప్పాడు. అవ్వ దానికి పసుపు పూస్తుంటే టూరులో మాతో వచ్చిన మనవాళ్ళే నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. అడిగిందని ఫొటో తీశాను కానీ, హోటలుకు చేరగానే చెరిపేశాను. ఆ ఇటలీ ముసలామె మాత్రం నవ్వలేదు. అవ్వను చూసి తానూ రాయిని తాకి, ఆ చెయ్యి గుండెకు ఆనించుకుంది.

ఫొటోలు అయిపోయాయి. "ఏది వదినె, నీ ఫొటో?" అంది పక్కింటి లక్ష్మత్త.

నేను టీవీ నుంచి ఫోను విడదీయసాగాను. అవ్వ నా ముఖం చూసింది.

"గప్పుడు ఫోన్ల చార్జింగ్ లేకుండె. బిడ్డ ఏం జేస్తది, పాపం."

చార్జింగ్ ఉందని అవ్వకు తెలుసు. ఆ రోజు గుట్ట దిగినంతసేపూ బస్సులో నా ఫోను చేతిలో పట్టుకుని ఆ ఫొటోనే చూసుకుంది.