అద్దం మీద చుక్కలు

2వ తేదీ, ఆదివారం, సాయంత్రం

కాగితాల్లో నాకో పేరుంది. ఆ పేరుతో పిలిచేవాళ్ళంతా పోయారు. ఈ ఆసుపత్రిలో నన్ను బోర్డమ్మ అంటారు, అదే రాయి. వయసు డెబ్బై ఒకటి. ఆఫీసు ఫైల్లో అరవై నాలుగు. ఆ తేడా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో ఇద్దరం, నేనూ నా తోటికోడలూ. మా మొగుళ్ళు అన్నదమ్ములు, ఇద్దరూ లేరు. ఆవిడ బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయింది. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తున్నాను, ఆవిడ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేయించుకున్నాను.

నిన్న మేనేజరమ్మ పిలిచింది. గోడ మీది టెలిఫోను బోర్డు విప్పేస్తారట. ఇక ఫోన్లలో మాటలన్నీ రౌటర్లనే పెట్టెల గుండా పోతాయట. మూడు బిల్డింగులకి మూడు పెట్టెలు. కంప్యూటర్లో నెట్టు మీద ఒక పేజీ తెరిస్తే ఆ పెట్టెలన్నీ అందులోంచే నడపొచ్చట.

"పది రోజులు టైమిస్తాను. ఏ రోజు ఏం నేర్చుకున్నారో రాయించి పెట్టండి. పన్నెండో తేదీన నా ముందు మీరొక్కరే చేసి చూపించాలి. లేకపోతే ఆ కుర్చీలో మనిషి అక్కర్లేదు, మిషను గొంతు పెట్టేస్తాం" అంది.

డాక్టరు కావాలంటే ఒకటి నొక్కండి, మందులు కావాలంటే రెండు నొక్కండి! ప్రాణం మీదికి వచ్చినవాడు ఒకటా రెండా అని చూసుకుంటూ కూర్చుంటాడా? ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీ నాది. హలో అన్న తీరు వింటే చాలు, ఏ వార్డో చెప్పేస్తాను. కుర్చీ వదిలేది లేదు. పది రోజులెందుకు, అయిదు చాలు!

3వ తేదీ, సోమవారం, ఉదయం ఆరున్నర

తీర్మానాలు. ఒకటి, ఎవర్నీ సాయం అడగను. రెండు, కంప్యూటర్ని తిట్టను. మూడు, మధ్యాహ్నం కునుకు బంద్. నాలుగు, ఉన్నది ఉన్నట్టు రాయిస్తాను.

సాయంత్రం. పెట్టెలు బిగించినాయన వచ్చాడు. తీగలాయన అంటాను. ఇంజనీరనమని ఆయన గోల.

"పెద్దమ్మా, ఈ పేజీ ఎక్కణ్ణించైనా తెరవొచ్చు, ఏ కంప్యూటర్ నించైనా!"

"నేను ఈ కుర్చీలోంచి లేస్తే కదా నాయనా!"

ఒక్కో ఫోనుకి ఒక్కో వరస. మొత్తం ఇరవై రెండు. పక్కన పచ్చ దీపముంటే బతికున్నట్టు, ఎర్ర దీపముంటే పోయినట్టు. బయటినించి ఫోనొస్తే కావాల్సిన వరస మీద నొక్కాలి, అక్కడ మోగుతుంది. అంతే!

మౌస్ మాత్రం మాట వినదు. ఈ రోజు నేర్చుకున్నది: బాణం గుర్తు ఎక్కడుందో. రెండుసార్లు.

4వ తేదీ, మంగళవారం

పేజీ తెరవాలంటే ఎనిమిది మీటలు వరసగా కొట్టాలి. చదవలేను గనక వేళ్ళకి నేర్పాను. మొదట పై వరసలో ఎడమ చివర... ఏయ్, అది రహస్యం, కొట్టెయ్!

తొమ్మిదింటికి ఒక్క దెబ్బకి తెరుచుకుంది! ఆసుపత్రి మొత్తం నా అరచేతిలో! తీగలాయన వరసలన్నీ పైనించి కిందికి ఒకసారి చదివి వినిపించాడు. ఒకసారి చాలు. పాత బోర్డూ అంతే, ఏ మీట ఎక్కడుందో గుర్తు పెట్టుకుని నెట్టుకొచ్చాను. నాకు చదువు రాదని ఆయనకి తెలీదు. కళ్ళజోడు మర్చిపోయానన్నాను.

కునుకు: కొద్దిగా. కళ్ళకి విశ్రాంతి అని రాయి.

5వ తేదీ, బుధవారం

వరసలన్నీ ఒకే పోలిక, కవల పిల్లల్లాగా. పొద్దున రెండుసార్లు తడబడ్డాను. పదింటికి ఉపాయం తట్టింది! సీసాల మీద అంటించే రంగు చుక్కలు మందుల కొట్టాయన్ని అడిగి తెచ్చి, కంప్యూటర్ అద్దం మీద అంటించాను. ఆపరేషన్ గదికి ఎరుపు. పురుళ్ళ వార్డుకి పసుపు. డైరెక్టరుగారికి నీలం, రెండు. ఇలా పదకొండు చుక్కలు. చుక్కలు అడగడం సాయం కిందికి రాదు.

ఆ తర్వాత ఒక్క తప్పు లేదు! మేనేజరమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి, "బాగా పట్టుకున్నారే!" అంది. అద్దం కనపడకుండా నేను వీలైనంత వెడల్పుగా కూర్చున్నాను.

ఇంటికొచ్చి చెప్తే ఈవిడ అంటుంది కదా: "అక్కా, పేజీ కదిలితే?"

"బోర్డు ఎక్కడికి కదులుతుందే?"

"అది బోర్డు కాదక్కా."

"రాయడం వరకే నీ పని."

7వ తేదీ, శుక్రవారం

నిన్న రాయించలేదు. మోకాలు నొప్పి. మోకాలికీ రాయించడానికీ ఏం సంబంధం అంటుంది ఈవిడ. నా ఒంట్లో అన్నిటికీ సంబంధం ఉంది.

కంప్యూటర్ని తిట్టలేదు. దాని పక్కనున్న ఫ్యాన్ని తిట్టాను. పక్కది వింటే నా పూచీ లేదు.

కునుకు: గంటన్నర.

8వ తేదీ, శనివారం

యంత్రం పాడైంది. తప్పు నాది కాదు. అంతే రాయి.

ఈవిడ కలం కింద పెట్టేసింది. "ఉన్నది ఉన్నట్టు రాయిస్తానన్నావక్కా. లేనిది చెప్తే నా చెయ్యి రాయదు" అంది.

సరే. రాసుకో.

రక్తం నిలవ ఉంచే గదికి నిన్న సాయంత్రం తీగలాయన కొత్త ఫోను పెట్టాడు. దాని వరస పేజీలో అన్నిటికన్నా పైన వచ్చి కూర్చుంది. కిందవన్నీ ఒక్కో మెట్టు దిగాయి. నా చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే.

డైరెక్టరుగారి కోసం ఎవరో పెద్దమనిషి ఫోను చేస్తే లాండ్రీలో మోగింది. లాండ్రీ ఆమె, "ఇస్త్రీ ఇంకా కాలేదు, రేపు రండి" అంది. అది పోనీ. ఒకతను పురుళ్ళ వార్డు కావాలన్నాడు, భార్యని తెల్లారే చేర్పించాడట. పసుపు చుక్క నొక్కాను. శవాల గదిలో మోగింది. అక్కడి మనిషి ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు: "ఎవరి శవమండీ?"

పాపం, ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. బిడ్డని చూశాక కూడా వార్డు గుమ్మం వదల్లేదు.

మేనేజరమ్మ వచ్చేలోపు చుక్కలన్నీ పీకి పిడికిట్లో పెట్టుకున్నాను. తీగలాయన అమాయకుడు, తనంతట తనే, "నిన్న లైను కలిపాను, రౌటర్లో ఏదో లోపం అయ్యుంటుంది" అన్నాడు. సోమవారంలోగా ఆయన జవాబు రాసివ్వకపోతే పని వేరేవాళ్ళకి ఇస్తానంది ఆవిడ. ముప్పై ఎనిమిదేళ్ళు ఆగకుండా ఆడిన నా నోరు, ఆడాల్సిన ఆ ఒక్క నిమిషంలో మూతపడింది.

9వ తేదీ, ఆదివారం

ఈవిడ పొద్దుటినించి నాతో మాట్లాడలేదు. మాటల్లేకపోతే రెండు గదుల ఇల్లు కూడా ఎంత పెద్దదో!

పేజీ కదులుతుందని నాకెవరు చెప్పారు? అని రాయమన్నాను. బుధవారం నాటి రాత తీసి, ఒకచోట వేలు పెట్టి చూపించింది. నాకు చదవడం రాదు. వేలు ఎక్కడ పెట్టిందో మాత్రం తెలిసింది.

10వ తేదీ, సోమవారం

తొమ్మిదింటికే మేనేజరమ్మ గదికి వెళ్ళాను. తీగలాయన ఏదో కాగితం పట్టుకుని నిలబడున్నాడు. పదకొండు చుక్కలూ బల్ల మీద పెట్టాను.

"పెట్టె తప్పు కాదమ్మా. ఈయన తప్పూ కాదు. నాకు చదవడం రాదు. గుర్తులు పెట్టుకుని నొక్కాను. గుర్తు తప్పింది."

"చదవడం రాదా? ముప్పై ఎనిమిదేళ్ళూ?"

"మీరెవరైనా అడిగితే కదా!"

తీగలాయన కాగితం బల్ల మీద పడేశాడు. "పెద్దమ్మా! రెండు రోజులుగా తిండి మానేసి ఆ పెట్టె విప్పి చూస్తున్నాను కదా!"

"పెట్టెలో ఏముంది నాయనా, విప్పి చూడాల్సింది నన్ను."

మేనేజరమ్మ నవ్వలేదు. ఆయన జవాబు ఇక అక్కర్లేదంది. నాకు పన్నెండో తేదీ పరీక్ష కూడా లేదంది, కుర్చీకి మిషను గొంతే ఖాయమట.

నేను కదల్లేదు. "మిషను తప్పు కలిపితే మీ గదికొచ్చి ఒప్పుకుంటుందా?" అన్నాను.

చుక్కలన్నీ తన దగ్గరికి లాక్కుంది. "చెప్పుకోవాల్సింది ఏమైనా ఉంటే రాయించి తీసుకురండి, చూస్తాను" అంది. ఇదే ఆ రాత. ఒక్క ముక్క దాచలేదు. అడిగేది ఇంకో పది రోజులు.

బయటికొచ్చాక తీగలాయన, "వరసలు కదలకుండా చేసిపెట్టనా?" అన్నాడు. వద్దన్నాను. కదలనీ. రేపు ఇంకో ఫోను వస్తుంది, ఎల్లుండి ఇంకోటి.

11వ తేదీ, మంగళవారం, ఉదయం ఆరున్నర

మొదటి రోజు. పది రోజులు ఇంకా ఇవ్వలేదు, నేను మొదలెట్టేశాను.

తీర్మానాలు. ఒకటి, సాయం అడుగుతాను. రెండు, తిడతాను, కంప్యూటర్నే, ముఖం మీదే. మూడు, కునుకు అరగంట, బహిరంగంగా. నాలుగు, పేజీలో ఉన్న ఇరవై మూడు పేర్లూ చదవడం నేర్చుకుంటాను. పేర్లన్నీ మన అక్షరాల్లోనే ఉన్నాయి. పది రోజులెందుకు, ఆరు చాలు!

ఈవిడ అయిదింటికే లేచి పలక తుడిచి పెట్టింది. ఆ ముఖంలో వెలుగు చూడాలి! పదేళ్ళుగా తిట్టడానికి ఒక్క పిల్లా దొరకలేదు పాపం.

"అ, ఆ"లతో మొదలెడదామంది. కుదరదన్నాను. శవాల గది అని రాయించుకున్నాను. అయిదక్షరాలు. ఎక్కడ కనపడినా ఇప్పుడు గుర్తుపడతాను. ఎక్కడ నొక్కకూడదో ముందు తెలియాలి కదా.

బోర్డమ్మ, ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: తీగలాయన (ఇంజనీరని రాస్తేనే సంతకం పెడతానన్నాడు, ఇంజనీరు). లాండ్రీ ఆమె.

రాసింది: తోటికోడలు. ఆరు రోజుల్లో అవుతుందని నేను ఒప్పుకోలేదు.